విజయవాడ పొడవెంత? తెలుగు స్ట్రింగుల మీద ఒక ప్రసంగం

(విజయవాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాల్లో సెకండియర్ స్టూడెంట్స్‌కి ఇచ్చిన టాక్ ఇది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడతందా? సరే. స్లైడ్లేం తేలేదు నేను. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు పైథాన్ తెరిచి పెట్టుకోండి, లేనివాళ్లు పక్కవాళ్ల స్క్రీన్‌లోకి చూడండి, ఎందుకంటే ఇవాళ చెప్పేదంతా అక్కడికక్కడే కొట్టి చూసుకోవాల్సిందే.

ముందు కొటేషన్లు పెట్టి తెలుగులో విజయవాడ అని రాసి దానికి లెన్, అంటే పొడవు చెప్పే ఫంక్షన్, కొట్టండి. ఎంతొచ్చింది? 7. ఇప్పుడు నోటితో అంటా వేళ్ల మీద లెక్కపెట్టండి, వి, జ, య, వా, డ. 5. ఇప్పుడు అదే పేరుని యూటీఎఫ్-8 అనే బైట్ల రూపంలోకి ఎన్‌కోడ్ చేసి మళ్లీ లెన్ కొట్టండి. 21. చూశారా, ఒకటే ఊరు, మూడు పొడవులు. మూడింట్లో ఏదీ తప్పు కాదు. కాకపోతే మీరు రాసే ప్రోగ్రాంకి ఆ మూడింట్లో ఏది కావాలో మీకు తెలిసుండాలి, అది చూసుకోకుండా రాసిన కోడ్ వల్లే మన పేర్లు, మన ఊళ్ల పేర్లు స్క్రీన్ల మీద విరిగిపోయి కనపడతన్నాయి. నేను ఇవాళ వచ్చింది ఇది చెప్పడానికే.

స్ట్రింగ్స్, అంటే కొటేషన్లలో పెట్టే మాటలు, ఆ చాప్టర్ క్లాసులో ఎట్లా నడుస్తదో మనందరికీ తెలిసిందే, హలో వరల్డ్ తీసుకుంటారు, లెన్, స్లైసింగ్, రివర్స్, పాలిండ్రోమ్ (తిప్పి చదివినా అదే వచ్చే మాట) చెకింగ్, అయిపోద్ది. అంతా ఇంగ్లీషు మీదే. ఇంగ్లీషులో బైట్లు లెక్కపెట్టినా, కోడ్ పాయింట్లు, అంటే పైథాన్ లెన్ లెక్కపెట్టే గుర్తులు, లెక్కపెట్టినా, అక్షరాలు లెక్కపెట్టినా ఒకటే అంకె వచ్చిద్ది కాబట్టి అసలు తేడా ఉందన్న సంగతే మనకి తట్టదు. తర్వాత ఉద్యోగంలో చేరి తెనాలి వాళ్లూ, సత్తెనపల్లి వాళ్లూ, మైలవరం వాళ్లూ వాడే యాప్ రాస్తారు, టెస్టింగ్‌కి మళ్లీ ఇంగ్లీషు పేరే ఇస్తారు, అన్నీ పాసైపోతయ్.

సరే, 21 ఎట్లా వచ్చిందో చూద్దాం. ప్రపంచంలో లిపులన్నిటికీ గుర్తుకో నంబరిచ్చే యూనికోడ్ ప్రమాణం మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, అందులో మన తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు ఇచ్చారు. ఆ గళ్లు పేర్చిన వరస కూడా మన దేశంలో అంతకుముందే తయారుచేసుకున్న ఇస్కీ అనే ప్రమాణం నుంచి తీసుకున్నదే, అందుకే తెలుగుకీ, హిందీకీ, కన్నడకీ అక్షరాల వరస దాదాపు ఒకేలా ఉంటది. గుర్తు నంబరు చెప్పే ఆర్డ్ ఫంక్షన్‌కి క ఇచ్చి చూడండి, 3093. పొల్లు గుర్తు ఇచ్చి చూడండి, 3149. ఈ నంబర్లని కోడ్ పాయింట్లంటాం. ఈ నంబర్ని ఫైల్లో పెట్టాలంటే బైట్లుగా మార్చాలి కదా, దానికి 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి యూటీఎఫ్-8 తయారుచేశారు. అందులో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, మన తెలుగు గడిలో ఉన్న ప్రతిదానికీ 3 బైట్లు. విజయవాడలో 7 కోడ్ పాయింట్లు, ఏడు మూళ్లు 21.

ఆ మూడు బైట్లు ఏంటో కూడా ఒకసారి ప్రింట్ చేసి చూడండి, బాగుంటది. క అంటే 224, 176, 149. వ అంటే 224, 176, 181. తెలుగులో ఏ గుర్తు తీసుకున్నా మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. ఇది ఎందుకు చెప్తన్నానంటే, తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైల్ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఒక్కోసారి పేర్ల బదులు ఏదో గజిబిజి వచ్చిద్ది చూడండి, నెత్తిన గీతున్న ఇంగ్లీషు చిన్న ఏ, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ ఆ ఏ, మళ్లీ ఆ గుర్తు, వరసంతా అదే. ఆ ఏ మన 224, ఆ డిగ్రీ గుర్తు 176, ప్లస్-మైనస్ 177. అంటే డేటా పాడవలేదు, బైట్లు బైట్లుగానే ఉన్నయ్, ఎక్సెల్ వాటిని యూటీఎఫ్-8 అనుకోకుండా పాత విండోస్ కోడింగ్ అనుకుని చదివింది, అంతే. అప్పుడు కంగారుపడి దాన్ని అట్లాగే సేవ్ కొట్టారనుకోండి, అప్పుడు నిజంగానే పాడైపోద్ది. మూసేసి, ఫైలు రాసేటప్పుడే ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి, ఫైలు మొదట్లో ఒక గుర్తు పడిద్ది, దాన్ని చూసి ఎక్సెల్ సరిగా చదివిద్ది.

బైట్లు ఇంకోచోట కూడా కొడతయ్, డేటాబేసులో. సత్తెనపల్లి, పలికితే 5 అక్షరాలు. కోడ్ పాయింట్లు లెక్కపెట్టండి, స, త, పొల్లు, త, ఎత్వం, న, ప, ల, పొల్లు, ల, గుడి, మొత్తం 11. బైట్లు 33. ఒరాకిల్‌లో వార్‌చార్2 అని పెట్టి 30 అని ఇస్తే డిఫాల్ట్‌గా అవి 30 బైట్లు, సత్తెనపల్లి అందులో పట్టదు! ఊరి పేరుకి 30 చాలదా అనుకుంటాం, ఇంగ్లీషులో అయితే బోలెడు, మన ఊరికి చాలదు. అక్కడ 30 పక్కన చార్ అని రాస్తే అక్షరాల లెక్కన తీసుకుంటది, అంటే కోడ్ పాయింట్లు. మైఎస్‌క్యూఎల్‌లో అయితే వార్‌చార్ ఎప్పుడూ కోడ్ పాయింట్ల లెక్కే, కానీ అక్కడ యూటీఎఫ్-8 అని పేరు పెట్టుకున్న పాత రకం 3 బైట్ల దాకానే పట్టుకునిద్ది, తెలుగు సరిపోతది, ఎవరన్నా పేరు పక్కన ఎమోజీ పెడితే 4 బైట్లు కాబట్టి ఎర్రర్. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోండి, ఇంక ఆలోచించక్కర్లేదు.

ఎస్సెమ్మెస్ సంగతి కూడా ఇదే, ఒక మెసేజీకి 140 బైట్లు, ఇంగ్లీషు 7 బిట్లకి కుదించి 160 అక్షరాలు పట్టిస్తారు, తెలుగు ఒక్కటి పడినా మొత్తం 2 బైట్ల లెక్కలోకి పోయి 70కి పడిపోద్ది. ఆ 70లో సత్తెనపల్లికే 11 పోతయ్.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, ముక్కలు కొయ్యడం. కృష్ణా అని రాయండి, కృష్ణా జిల్లా కృష్ణా. అందులో క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం, 6 కోడ్ పాయింట్లు. దాన్ని 5 దగ్గర స్లైస్ చెయ్యండి. ఏం వచ్చింది? కృష్ణ. జిల్లా పోయి మనిషయ్యాడు. ఎర్రర్ ఏమీ రాదు, ప్రశ్నార్థకాలు ఏమీ కనపడవు, శుభ్రమైన తెలుగు మాటే వచ్చింది, కానీ అది వేరే మాట. 4 దగ్గర కోస్తే కృష్. గుంటూరుని 6 దగ్గర కోస్తే గుంటూర. నోటిఫికేషన్లలో, హెడ్డింగుల్లో, బిల్లుల మీద పేరు పొడుగైందని కోసి మూడు చుక్కలు పెడతారు చూడండి, అక్కడ జరిగేది ఇదే. బిల్లు మీద శ్రీనివాసరావు గారి పేరు శ్రీనివాసర అని పడితే ఆయనకి ఎట్లా ఉంటది చెప్పండి. పేరు మనిషికి మొదటి ఆస్తి. యాప్‌లో ప్రొఫైల్ ఫొటో లేకపోతే పేరులో మొదటి అక్షరం గుండ్రంగా చూపిస్తారు కదా, సున్నా ఇండెక్స్ తీసుకుంటే శ్రీనివాసరావుకి శ అని వచ్చిద్ది, రావాల్సింది శ్రీ. ఆ శ్రీ అనేది 4 కోడ్ పాయింట్లు, శ, పొల్లు, ర, గుడి దీర్ఘం.

రివర్స్ కూడా చూడండి. విజయవాడని మైనస్ వన్ స్టెప్పుతో తిప్పితే డావయజివ వచ్చిద్ది. వి మీదున్న గుడి జ మీదకి పోయింది, వా దీర్ఘం డ మీదకి పోయింది. సరిగ్గా తిప్పితే రావాల్సింది డవాయజవి. గుంటూరు తిప్పితే ఇంకా కష్టం, మొదట్లోనే కొమ్ము వచ్చి పట్టుకోవడానికి అక్షరం లేక చుక్కల గుండ్రం మీద వేలాడతా కనపడిద్ది. తెలుగులో పాలిండ్రోమ్ ప్రోగ్రాం రాస్తే వికటకవి అని ఇచ్చి చూడండి, మన లెక్కన తిప్పినా అదే మాట, పైథాన్ లెక్కన కాదంటది.

మరి దీనికేంటి దారి? కోడ్ పాయింట్లని అక్షరాలుగా గుత్తులు కట్టాలి. యూనికోడ్ వాళ్లు దీన్ని గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు, ఎట్లా కట్టాలో రూల్స్ రాసిపెట్టారు. అయితే మొన్నమొన్నటిదాకా ఆ రూల్స్‌లో వత్తులు కలవలేదు, అంటే కృష్ణాని కృ, ష్, ణా అని మూడు ముక్కలు చేసేది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు, హిందీ, మలయాళం లాంటి కొన్ని లిపులకి వత్తులు కూడా కలిపి ఒకటిగా చూడాలని రూల్ చేర్చారు, ఇప్పుడు కృ, ష్ణా, రెండే. కాబట్టి మీరు వాడే లైబ్రరీ పాతదైతే 3, కొత్తదైతే 2, ఇది ఒకసారి చూసుకోండి. పైథాన్‌లో రీజెక్స్ అని విడిగా ఒక ప్యాకేజీ ఉంది, అందులో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ అంటే ఒక క్లస్టర్. పైథాన్‌తో పాటు వచ్చే రీ మాడ్యూల్లో అది లేదు.

లైబ్రరీ ఏమీ లేకుండా మీరే రాసుకోవచ్చు, పది లైన్లు కూడా అవదు, నా మాట ఏంటంటే ఒకసారి మీ చేత్తో రాయండి. ఖాళీ లిస్టు పెట్టుకోండి. స్ట్రింగులో ఒక్కొక్క కోడ్ పాయింటూ తీసుకుని యూనికోడ్‌డేటా మాడ్యూల్లో కేటగిరీ అడగండి. కేటగిరీ ఎమ్‌తో మొదలైతే అది గుణింతం గుర్తో, సున్నానో, పొల్లో, దాన్ని లిస్టులో చివరి ముక్కకి అతికించండి. లేదూ, చివరి ముక్క పొల్లుతో ముగిసి ఇప్పుడొచ్చింది హల్లు అయితే అది వత్తు, దాన్ని కూడా అతికించండి. రెండూ కాకపోతే కొత్త ముక్క. అంతే. విజయవాడకి 5, గుంటూరుకి 3, సత్తెనపల్లికి 5, హైదరాబాద్‌కి 5. కొయ్యాలన్నా, తిప్పాలన్నా ఈ లిస్టు మీద చేసి చివర్లో జాయిన్‌తో కలిపెయ్యండి.

జాయిన్ అన్నాను కాబట్టి ఒక్క మాట, పైథాన్‌లో స్ట్రింగు మారదు. రీప్లేస్ కొట్టినా, స్ట్రిప్ కొట్టినా కొత్త స్ట్రింగు ఇచ్చిద్ది, పాతది అట్లాగే ఉంటది, దాన్ని మళ్లీ ఒక పేరులో పెట్టుకోవాలి. లూపులో ప్లస్ కొట్టుకుంటా పోవడం కన్నా లిస్టులో వేసి జాయిన్ చెయ్యడం మేలు. స్ప్లిట్‌కి ఖాళీ బ్రాకెట్లు పెడితే ఎన్ని స్పేసులున్నా ఒకటిగా తీసుకునిద్ది, బ్రాకెట్లో స్పేస్ ఇస్తే రెండు స్పేసుల మధ్య ఖాళీ స్ట్రింగు కూడా ఇచ్చిద్ది. ఇవి మీకు తెలిసినవే, ముందుకు పోదాం.

పేరులో అక్షరాలే ఉన్నాయా అని చెక్ చెయ్యడానికి ఈజ్‌ఆల్ఫా వాడతారు కదా. రమణ అని ఇవ్వండి, ట్రూ. రాధ అని ఇవ్వండి, ఫాల్స్! రమణకి గుణింతం లేదు, రాధకి దీర్ఘం ఉంది, ఆ దీర్ఘం గుర్తు కేటగిరీలో అక్షరం కిందకి రాదు. కమల పాస్, కవిత ఫెయిల్. రీ మాడ్యూల్లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ పెట్టి విజయవాడలో మాటలు వెతకమంటే వ, జయవ, డ అని మూడు మాటలు తెచ్చి పెట్టిద్ది. కొంతమంది అ నుంచి హ దాకా అని రేంజ్ ఇస్తారు, అందులోనూ గుణింతాలు రావు, అవి హ తర్వాత ఉన్నయ్. విచిత్రం ఏందంటే అదే పైథాన్‌లో రాధ అని వేరియబుల్‌కి పేరు పెట్టుకోవచ్చు, ఒప్పుకుంటది, ఎందుకంటే అక్కడ వేరే రూలు. కాబట్టి తెలుగు పేరు చెక్ చెయ్యాలంటే 3072 నుంచి 3199 దాకా మొత్తం గడి తీసుకోండి, స్పేసూ చుక్కా కలపండి, ఇంటిపేరు పొడి అక్షరాలకి చుక్కలు కావాలి కదా. దాంతోపాటు 8204 కూడా ఒప్పుకోండి, అదేంటో ఇప్పుడే చెప్తా.

ఒక అమ్మాయి: సార్, చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా ఈక్వల్ అని రావట్లేదు సార్, మా ప్రాజెక్టులో ఊరి పేరు సెర్చ్ చేస్తే కొన్ని దొరకట్లేదు.

మంచి ప్రశ్నమ్మా, నేను అక్కడికే వస్తన్నా. దీనికి తెలుగులో మూడు కారణాలు ఉంటయ్, మూడూ చూద్దాం. మొదటిది ఐత్వం. మైలవరంలో మై ఉంది కదా, ఆ ఐత్వం 3144 అని ఒక్క కోడ్ పాయింటుగా రాయొచ్చు, లేదా 3142 ఎత్వం, 3158 కింద గుర్తు, రెండు కలిపీ రాయొచ్చు. కంటికి తేడా లేదు, ఈక్వల్ అంటే ఫాల్స్. దీనికి యూనికోడ్‌డేటాలో నార్మలైజ్ ఉంది, ఎన్‌ఎఫ్‌సీ అని ఇస్తే రెండూ ఒకటైపోతయ్. రెండోది కంటికి కనపడని గుర్తు, 8204. ఫేస్‌బుక్ అని రాసేటప్పుడు స కింద బ వత్తు పడకుండా మధ్యలో పెడతామే, అది. కొంతమంది పెడతారు, కొంతమంది పెట్టరు. స్ట్రిప్ దాన్ని తియ్యదు, అది స్పేసు కాదు. అట్లాగని పీకి పారేస్తే స్క్రీన్ మీద ఫేస్బుక్ అని వత్తు పడి రూపం మారిపోద్ది. అందుకని చూపించడానికి అసలు స్ట్రింగు ఉంచండి, పోల్చడానికి మాత్రం పక్కన ఇంకో కాలమ్‌లో శుభ్రం చేసింది పెట్టుకోండి.

మూడోది సున్నా. తెలుగు అంకె సున్నా 3174, మనం గుంటూరులో రాసే పూర్ణానుస్వారం 3074. రెండూ గుండ్రమే. కొన్ని కీబోర్డుల్లో, స్కాన్ చేసి తీసిన టెక్స్టులో ఒకదాని బదులు ఒకటి పడిపోద్ది, గు౦టూరు అని అంకె సున్నాతో రాస్తే కంటికి గుంటూరే, వెతికితే దొరకదు. నార్మలైజ్ దీన్ని ముట్టుకోదు, ఎందుకంటే యూనికోడ్ లెక్కన అవి రెండూ వేరు వేరు. మీరే రూలు రాయాలి, సున్నా ముందు తెలుగు అక్షరమో గుణింతమో ఉంటే అది అనుస్వారం, ముందు అంకె ఉంటే అంకె. ఎవరన్నా ౨౦ అని తెలుగు అంకెల్లో రాస్తే దాన్ని చెడగొట్టకూడదు కదా, పైగా పైథాన్ ఇంట్ ఫంక్షన్ ౨౦ ఇచ్చినా 20 అని తీసుకునిద్ది, అది చాలా మంచి సంగతి. నీ ప్రాజెక్టులో ముందు దొరకని పేరు తీసుకుని ఒక్కొక్క దానికీ ఆర్డ్ ప్రింట్ చెయ్యమ్మా, ఈ మూడింట్లో ఏదో వెంటనే తెలిసిపోద్ది.

వేరే లాంగ్వేజీల సంగతి ఎవరో అడిగారు. జావా, జావాస్క్రిప్ట్ రెండిట్లో విజయవాడకి 7 వచ్చిద్ది, అవి 16 బిట్ల ముక్కలు లెక్కపెడతయ్, తెలుగు గుర్తు ఒక్కోటి ఒక్క ముక్కలో పట్టిద్ది. సీలో స్ట్రెలెన్, గోలో లెన్, 21. స్విఫ్ట్‌లో కౌంట్ అంటే 5 వచ్చిద్ది, అది క్లస్టర్లు లెక్కపెడతది. నాకు స్విఫ్ట్ వాళ్లు చేసిందే నచ్చింది, మనిషి లెక్క ముందు పెట్టి, బైట్లు కావాలంటే విడిగా అడగమన్నారు.

సార్టింగ్ గురించి కూడా చెప్పి ఆపుతా. కళావతి, కవిత. బళ్లో నేర్చుకున్న వర్ణమాల ప్రకారం య, ర, ల, వ, తర్వాత శ, ష, స, హ, ఆ తర్వాత ళ. కాబట్టి కవిత ముందు. సార్టెడ్ కొడితే కళావతి ముందు వచ్చిద్ది, యూనికోడ్ గళ్లలో ళ పోయి ల పక్కన కూర్చుంది. ఱ కూడా ర పక్కనే ఉంది. అటెండెన్స్ రిజిస్టరు తెలుగులో వెయ్యాలంటే మీ వరస మీరే ఒక స్ట్రింగులో రాసుకుని సార్టెడ్‌కి కీ కింద ఇవ్వండి.

ఒక అబ్బాయి: సార్, మా నాన్నది ప్రింటింగ్ ప్రెస్ సార్. పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు వస్తన్నయ్. నార్మలైజ్ చేస్తే వస్తాయా?

రావు నాన్నా. ఇది విజయవాడలో చాలా ఇళ్లల్లో ఉన్న సమస్య, ఏలూరు రోడ్డు పబ్లిషర్ల దగ్గర ఎన్ని పుస్తకాలు ఆ ఫాంట్లలో కంపోజ్ అయ్యాయో, అవన్నీ వెతకడానికి వీలుగా యూనికోడ్‌లోకి రావాలని నాకు చాలా కోరిక. ఆ ఫైళ్లలో కంప్యూటర్ దృష్టిలో తెలుగే లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉన్నయ్, ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడిగింది. ఏ గుర్తుకి ఏ బొమ్మో ఒక టేబుల్ కట్టాలి. టేబుల్ ఉన్నాక రీప్లేస్ చెయ్యాలి, ఇక్కడ వరస ముఖ్యం, మూడు గుర్తులు కలిసి ఒక అక్షరం అయ్యేవి ముందు మార్చాలి, తర్వాత రెండువి, చివర్లో ఒకటివి. తిరగేసి చేస్తే చిన్నది ముందు మారిపోయి పెద్దది ఇంక దొరకదు. ఆ తర్వాత ఇంకోటుంది, పేజీ మీద బొమ్మల వరస వేరు, యూనికోడ్ వరస వేరు. సత్తెనపల్లిలో త్తె చూడు, పేజీ మీద త నెత్తిన ఎత్వం, కింద త వత్తు. ఫాంటు ఫైల్లో ముందు తె బొమ్మ, తర్వాత వత్తు బొమ్మ ఉంటయ్. యూనికోడ్‌లో త, పొల్లు, త, అప్పుడు ఎత్వం. అంటే గుణింతం గుర్తు తర్వాత వత్తు కనపడ్డ ప్రతిచోటా గుణింతాన్ని వత్తు తర్వాతకి జరపాలి. రెండు వత్తులుంటే రెండూ దాటించాలి, స్త్రీ అనే మాటతో టెస్ట్ చేసుకో. ఫాంటుని బట్టి టేబుల్ మారొచ్చు, కాబట్టి మీ నాన్నగారిని అడిగి ఏ ఫాంటు వాడారో కనుక్కుని, ఒక పేజీ ప్రింటూ, దాని ఫైలూ రెండూ పట్టుకురా. లంచ్ తర్వాత నేను ఇక్కడే ఉంటా, ఆ టేబుల్ మొదలుపెడదాం.